సంతకు యాప్ చేయించే ముందు చూసుకోవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇది: వారానికోసారి జరిగే సంత. యాభై మంది దాకా అమ్మేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది సొంతంగా పండించినదో, చేతులతో చేసినదో తెచ్చి అమ్ముకునేవాళ్లు. కొన్నేళ్లుగా కొనేవాళ్లు ఇంటి గుమ్మానికే సరుకు తెచ్చిచ్చే కంపెనీల వైపు జారిపోతున్నారు. యాప్ చేయిద్దామని కమిటీలో కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు, డబ్బు దండగ అని పెద్దవాళ్లు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

యాప్ సంగతిలో పెద్దవాళ్ల మాట వినండి. టెక్నాలజీయే వద్దంటే మాత్రం వినకండి. చిన్న సంతల కమిటీలతో చాలాకాలంగా పనిచేస్తున్నాను. యాప్ పెట్టుకున్న సంతలను చూశాను, ఒక మామూలు ఫోను, ఒక నోటు పుస్తకంతో నెట్టుకొచ్చినవాటినీ చూశాను. నిలబడ్డవాటిలో నాకు కనిపించిన తేడా ఒకటే. ఏ కబురు, ఎవరికి, ఎప్పుడు చేరితే పని జరుగుతుందో వాళ్లు ముందు తేల్చుకున్నారు. ఏ పరికరం కొనాలన్నది ఆ తర్వాత ఆలోచించారు.

సంతకు అసలు జబ్బు ఏమిటో చూద్దాం. ఈ వారం ఎవరొస్తారో, తనకు కావలసింది దొరుకుతుందో లేదో కొనేవాళ్లకు తెలియదు. ఎంత తేవాలో అమ్మేవాళ్లకు తెలియదు. రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్లినావిడ మూడోసారి రాదు. రెండు వారాలు సరుకు మిగిలిపోయినవాడు మూడో వారం తక్కువ తెస్తాడు. ఆ తక్కువ చూసి ఇంకొందరు రావడం మానేస్తారు. బయటి కంపెనీలు రాకముందే ఈ జబ్బు ఉంది. వాళ్లు వచ్చాక పైకి కనిపించింది, అంతే.

దీని మీద జరిగిన పరిశోధనల్లో బాగా పేరున్నది కేరళ ఉత్తర తీరంలో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చేసినది. 2007లో అచ్చయింది. 1997, 2001 మధ్య ఆ తీరానికి సెల్‌ఫోన్లు ఒక్కో ప్రాంతానికీ అంచెలంచెలుగా వచ్చాయి. అంతకుముందు పడవ ఏ రేవుకు వెళ్తే చేపలు అక్కడే అమ్ముకోవాలి. ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న మరో రేవులో చేపలు దొరక్క కొనేవాళ్లు వెనక్కి పోతుండేవారు. రోజూ పట్టిన చేపల్లో 5 నుంచి 8 శాతం అలా పోయేవి. ఫోన్లు వచ్చాక జాలర్లు సముద్రంలోంచే నాలుగు రేవులకు ఫోను చేసి, ఎక్కడ గిరాకీ ఉంటే పడవను అటు తిప్పడం మొదలుపెట్టారు. పారబోత ఆగిపోయింది. జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఇద్దరికీ ఒకేసారి మేలు జరగడం వ్యాపారంలో అరుదు. ఇక్కడ జరగడానికి కారణం, పారబోసిన సరుకు అంతకుముందు ఎవరి లెక్కలోకీ రాకుండా పోవడమే. నైజర్ దేశంలో ధాన్యం సంతల మీద జెన్నీ ఏకర్ 2010లో ప్రచురించిన పరిశోధనలోనూ, ఫోన్లు వచ్చాక సంతకూ సంతకూ మధ్య ధరల తేడా 10 నుంచి 16 శాతం తగ్గిందని తేలింది.

ఇక్కడితో ఆగిపోతే మీ కుర్రవాళ్లు గెలిచినట్టే. మహారాష్ట్రలో ఇంకో పరిశోధన జరిగింది, దాన్ని తక్కువమంది చెబుతారు. వంద గ్రామాల్లో కొందరు రైతులకు మార్కెట్ ధరలు, వాతావరణం, సాగు సలహాలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. ఫాఫ్‌షాం, మింటెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ ఫలితాలను 2012లో ప్రచురించారు. సందేశాలు అందినవాళ్లకూ అందనివాళ్లకూ చేతికొచ్చిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఫోను అదే, ధర కబురు అలాంటిదే. ఒకచోట బతుకు మారింది, ఇంకోచోట మారలేదు. నాకు అర్థమైనంతవరకు కీలకం ఇది: కేరళ జాలరి కబురు విన్నప్పుడు అతని చేతిలో ఇంకా పడవ చుక్కాని ఉంది. విన్నదాన్నిబట్టి దారి మార్చుకోగలడు. అప్పు ఇచ్చిన వ్యాపారికే సరుకు ఇవ్వాల్సినవాడికి, బండి లేనివాడికి, పక్క మార్కెట్లో ధర ఎక్కువని తెలిస్తే బాధ తప్ప ఇంకేం మిగలదు. విన్నవాడు దానితో ఏదైనా చేయగలిగే సమయంలో అందితేనే కబురుకు విలువ.

దీన్ని మీ సంతకు అన్వయించుకోండి. ఎవరికెంత కావాలో సంత రోజు పొద్దున తెలిస్తే మీ అమ్మకందారు ఏం చేయగలడు? ఏమీ చేయలేడు. సరుకు అప్పటికే కోసేశాడు, చేసేశాడు, బండికెత్తేశాడు. అదే కబురు ముందురోజు మధ్యాహ్నం అందితే ఎంత కోయాలో, ఎంత చేయాలో అతని చేతిలోనే ఉంటుంది. కాబట్టి మీ ఏర్పాటు అంతా ఆ ముందురోజు మధ్యాహ్నం చుట్టూ తిరగాలి. యాప్ ఎంత అందంగా ఉన్నా ఆ సమయానికి కబురు చేర్చకపోతే దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మొదటి నెల ఏ సాంకేతికతా వద్దు. ఒక నోటు పుస్తకం పెట్టండి. సంత ముగిసేటప్పుడు ఒకరు ప్రతి దుకాణం దగ్గరికీ వెళ్లి రెండే ప్రశ్నలు అడగాలి: "ఏం మిగిలింది, ఎంత?" "ఎవరైనా అడిగి, లేదనిపించుకుని వెళ్లిపోయినది ఏదైనా ఉందా?" రెండో ప్రశ్నను ఎవరూ అడగరు. అసలు బంగారం అందులోనే ఉంది. నాలుగు వారాలు రాస్తే ఏ సరుకు ఎప్పుడూ మిగులుతోందో, ఏది ఎప్పుడూ చాలట్లేదో కంటికి కనిపిస్తుంది. ఒకే సరుకు ఆరుగురు తెచ్చి ఆరుగురూ సగం వెనక్కి మోసుకుపోతున్నారని తేలితే, ఆ మాట వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు.

ఆ తర్వాత కబురు. దీనికి వాట్సాప్ చాలు, కానీ గ్రూపు పెట్టకండి. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. అమ్మే ఆడవాళ్లకూ, కొనే ఆడవాళ్లకూ వేళాపాళా లేకుండా పనికిమాలిన ఫోన్లు రావడం మొదలవుతుంది. పైగా పండుగ శుభాకాంక్షలు, రాజకీయాల మధ్య అసలు కబురు మునిగిపోతుంది. ఒకే సందేశం ఒక్కొక్కరికీ విడిగా చేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. ఒక్కో లిస్టులో 256 మంది వరకు పడతారు, ఎవరి నంబరూ ఇంకొకరికి కనిపించదు. ఒక మెలిక ఉంది. మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. అందుకని సంతలో ఒక బల్ల దగ్గర ఒకరు నిలబడి, వచ్చినవాళ్ల చేత అక్కడికక్కడే నంబరు సేవ్ చేయించాలి. "తర్వాత చేసుకుంటాం" అన్నవాళ్లు చేసుకోరు. అడగకుండా ఎవరి నంబరూ లిస్టులో చేర్చకండి, వద్దన్నవాళ్లను అదే రోజు తీసేయండి.

వారానికి రెండే సందేశాలు. మొదటిది రెండు రోజుల ముందు: ఈ వారం ఎవరెవరు వస్తున్నారు, ఏమేం ఉంటాయి, ఎవరు రావడం లేదు. రాని వాళ్ల సంగతి చెప్పడానికి కమిటీలు మొహమాటపడతాయి. చెప్పండి. ఫలానావాళ్లు ఈ వారం రారని ముందే చెప్పిన సంతను జనం నమ్ముతారు. రెండోది సంత రోజు తెల్లవారి, వర్షం పడ్డా గాలి వీచినా సంత ఉందో లేదో. చదవడం రానివాళ్ల కోసం అదే కబురు ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా కూడా పంపండి. ఆ గొంతు ప్రతి వారం ఒకరిదే అయితే మరీ మంచిది.

ముందస్తు ఆర్డర్ల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలా ప్రయత్నాలు చెడేది ఇక్కడే. ఎలా చెడతాయో చెబుతాను. ఒకావిడ ముందురోజు ఫోనులో ఒక సరుకు చెప్పుకుంటుంది, అమ్మకందారు సరేనంటాడు. పొద్దున్నే సంతలో రద్దీ. కళ్లముందు నిలబడి డబ్బు చేతికిస్తున్నవాడిని కాదనలేక ఆవిడ కోసం ఉంచింది కూడా ఇచ్చేస్తాడు. ఆవిడ పదకొండింటికి వచ్చి చూస్తే సరుకు లేదు. తప్పంతా అమ్మకందారుదే అనలేం. ఎదురుగా ఉన్న మనిషికి లేదని చెప్పడం కష్టం. అందుకే ఆర్డరు సరుకు అతని దుకాణం మీద ఉండకూడదు. సంత మొదలవక ముందే సంచిలో కట్టి, పైన పేరు రాసిన చీటీ కుట్టి, కమిటీ బల్ల దగ్గరికి చేర్చాలి. అక్కడ జాబితాలో టిక్కు పడ్డాకే అతను దుకాణం తెరవాలి. ఈ ఒక్క నియమంతో ఫిర్యాదులు చాలావరకు తగ్గిపోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను.

ఆర్డర్లకు గడువు ముందురోజు మధ్యాహ్నం రెండింటికి, ఎవరికీ మినహాయింపు లేకుండా. రెండున్నరకు అడిగిన కమిటీ అధ్యక్షుడి చుట్టానికి కూడా లేదు. ఒక స్ప్రెడ్‌షీటు చాలు: పేరు, నంబరు, సరుకు, ఎంత, ఎవరి దగ్గర, ధర, డబ్బు అందిందా, సరుకు అందిందా. రెండింటికి మూసేసి, అమ్మకందారు వారీగా వేరుచేసి, ఒక్కొక్కరికీ అతని జాబితా పంపాలి. స్మార్ట్‌ఫోను లేనివాళ్లకు ఫోను చేసి చదివి వినిపించాలి, తిరిగి చెప్పించుకోవాలి. మొదట్లో పదిమంది అమ్మకందారులు, ఒక్కొక్కరి నుంచి రెండే సరుకులు. అంతకు మించి ఎత్తుకుంటే బల్ల దగ్గర కూర్చునే మనిషి రెండో వారానికే చేతులెత్తేస్తారు. ఫ్రాన్సులో 2011లో మొదలైన ఒక పద్ధతి ఇలాగే నడుస్తుంది. ధర ఉత్పత్తిదారుడే పెట్టుకుంటాడు, కొనేవాళ్లు ముందుగా ఆర్డరిస్తారు, వారానికోసారి ఒకచోట చేరి తీసుకెళ్తారు. ఫలానా మొత్తానికి తగ్గితే ఈ వారం రానని ఉత్పత్తిదారుడు ముందే హద్దు పెట్టుకునే వీలు కూడా అక్కడ ఉంది. ఈ చివరిది మీరూ పెట్టుకోండి. దూరం నుంచి వచ్చేవాళ్లకు దానివల్ల దారిఖర్చు దండగ కాదు.

ఆ బల్ల మనిషికి జీతం ఇవ్వాలి. ఇది బేరాలాడే విషయం కాదు. సేవాభావంతో చేస్తామని ముందుకొచ్చేవాళ్లు మంచివాళ్లే, కానీ మూడు నాలుగు నెలలకు ఇంట్లో పనులు అడ్డొస్తాయి. వారానికి నాలుగైదు గంటల పనికి ప్రతి దుకాణం నుంచీ చిన్న మొత్తం వసూలు చేస్తే సరిపోతుంది. యాప్ కోసం అనుకున్న డబ్బు ఉంటే మొదటి ఏడాది జీతానికి కేటాయించండి. కెన్యాలో 2007లో వచ్చిన, ఫోను ద్వారా డబ్బు పంపుకునే ఎంపెసా సేవ గురించి చెప్పేటప్పుడు అందరూ ఫోనులో డబ్బు అంటారు. అది మామూలు బటన్ ఫోన్లలో నడిచింది, వీధి చివర కూర్చుని నగదు తీసుకుని ఫోనులోకి ఎక్కించే ఏజెంట్లతో నడిచింది. జనం ముందుగా నమ్మింది ఆ మనుషుల్ని.

డబ్బు చెల్లింపుల గురించి. అమెరికాలో పేదలకిచ్చే ఆహార సాయం మొదట కాగితం కూపన్లుగా ఉండేది. రైతుల సంతల్లో వాటిని చేతికి తీసుకుంటే సరిపోయేది. 1990ల నుంచి ఒక్కో రాష్ట్రం కార్డులకు మారింది, 2004 నాటికి అన్నీ మారాయి. కార్డు గీకడానికి కరెంటు, ఫోను లైను కావాలి. బయలులో పెట్టే దుకాణాలకు అవెక్కడివి? ఆ సాయం మీద బతికేవాళ్లకు సంత తలుపులు మూసుకుపోయాయి. చాలా సంతలు తర్వాత కనిపెట్టిన ఉపాయం చూడండి: సంత మొత్తానికి ఒక్క యంత్రం, ఒక్క బల్ల. అక్కడ కార్డు గీకితే అంత విలువకు చెక్క బిళ్లలు ఇస్తారు. వాటితో ఏ దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు. చివర్లో అమ్మకందారులు బిళ్లలు లెక్కపెట్టి బల్ల దగ్గర ఇచ్చేస్తే డబ్బు వాళ్లకు చేరుతుంది. సాంకేతికత సంతను దెబ్బతీయడం, అదే సాంకేతికతను పంచుకుని సంత మళ్లీ లేవడం రెండూ ఇందులో ఉన్నాయి. ఏ కొత్త పద్ధతి పెట్టబోయినా "దీనివల్ల ఎవరు లోపలికి రాలేకపోతారు?" అని ముందు అడగండి.

మీ దగ్గర క్యూఆర్ కోడ్ చెల్లింపులు ఉంటే ప్రతి అమ్మకందారుకూ సొంత కోడ్ ఉండనివ్వండి, డబ్బు నేరుగా వాళ్ల ఖాతాకే పోవాలి. లెక్క సులువని అంతా కమిటీ ఖాతాలోకి తెప్పించుకోవాలనిపిస్తుంది. వద్దు. ఒక్క వారం పంపకం ఆలస్యమైనా ఏళ్ల నమ్మకం పోతుంది. రెండు మోసాల గురించి అందరికీ ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఒకటి, రాత్రిపూట ఎవరో మీ కోడ్ మీద తమ స్టిక్కరు అంటించడం. పొద్దున్నే ఇంకొకరి ఫోనుతో ఆ కోడ్ స్కాన్ చేయించి, వచ్చే పేరు చూసుకుంటే బయటపడుతుంది. రెండోది, డబ్బు పంపేశామని ఉత్త స్క్రీన్‌షాట్ చూపించడం. చదవడం రానివాళ్లకు డబ్బు పడిందని గొంతుతో చెప్పే పెట్టె మంచి రక్షణ. నగదు మాత్రం ఎప్పుడూ ఆపకండి.

ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న వస్తువు ఒకటుంది, దాన్ని టెక్నాలజీ అని ఎవరూ అనరు: తనిఖీ చేసి ముద్ర వేసిన ఎలక్ట్రానిక్ కాటా. సంత మధ్యలో పెట్టండి. అనుమానం ఉన్నవాళ్లు తాము కొన్నది తెచ్చి మళ్లీ తూచుకోవచ్చు. పెట్టిన కొత్తలో జనం క్యూ కడతారు, తర్వాత తర్వాత ఎవరూ రారు. తూకం సరిగ్గా ఉందన్న నమ్మకం కుదిరిందన్నమాట.

ఇంటర్నెట్ మ్యాపులో సంత పేరు, చోటు, వేళలు సరిగ్గా ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. మ్యాపులో తెరిచి ఉందని చూసి వచ్చి ఖాళీ మైదానం చూసినవాళ్లు మళ్లీ రారు. ఎవరైనా "శాశ్వతంగా మూసేశారు" అని సూచన పంపేసిన సందర్భాలూ ఉంటాయి, కాబట్టి ఆ పేజీని కమిటీ తరఫున సొంతం చేసుకోండి. దానితో పాటు ఒక జాగ్రత్త. ఈ ఖాతాలు, ఆ వాట్సాప్ నంబరు, స్ప్రెడ్‌షీటు, ఏదీ ఒక కుర్రవాడి సొంత ఫోను మీద ఉండకూడదు. ఉద్యోగం వచ్చి ఊరు మారితే సంత కూడా అతనితో పాటు వెళ్లిపోతుంది. కమిటీకి వేరే సిమ్, వేరే ఈమెయిల్ ఉండాలి. పాస్‌వర్డులు ఇద్దరికి తెలియాలి, ఒక కాగితం మీద రాసి బీరువాలో ఉండాలి.

పెద్ద కంపెనీల వేదికల మీద అమ్మొచ్చా అని కూడా అడిగారు. అమ్మొచ్చు, మిగులు సరుకు వరకు. కమీషను ఎంత అన్నది అందరూ అడిగే ప్రశ్న. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: మేం వెళ్లిపోతే మా దగ్గర కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు మాతో తీసుకెళ్లొచ్చా? చాలాచోట్ల వీల్లేదంటారు. అంటే ఆ కొనేవాళ్లు మీవాళ్లు కాదు, వాళ్లవాళ్లు. రేపు కమీషను పెంచినా, మీ పక్కనే చవక సరుకు చూపించినా మీ దగ్గర మాట ఉండదు. మీ సంతకున్న ఆస్తి ఆ మైదానం కాదు, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చే ఆ కొన్ని వందల మంది. వాళ్ల జాబితా మీ చేతిలో ఉండాలి, ఎవరికీ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు.

కుర్రవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. స్ప్రెడ్‌షీటు వాళ్లకే అప్పగించండి. వారానికి వందకు పైగా ఆర్డర్లు, వరసగా మూడు నెలలు, బల్ల మనిషి ఇక మోయలేనంటున్నారు, అప్పుడు సాఫ్ట్‌వేరు గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడు కూడా కొత్తగా రాయించకండి. ఆస్ట్రేలియాలో 2012లో మొదలైన ఓపెన్ ఫుడ్ నెట్‌వర్క్ లాంటివి సరిగ్గా ఈ పని కోసమే ఉన్నాయి, వాటి సాఫ్ట్‌వేరు కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకునేలా తెరిచే ఉంది. మీ సమాచారం బయటికి తీసుకునే వీలు ఉందో లేదో అక్కడ కూడా చూసుకోండి. డబ్బు చేతులు మారకుండా, కొన్నదీ అమ్మినదీ ఖాతాలో రాసుకుని సభ్యుల మధ్యే అరువు నడపడం గురించి మీలో ఒకరు రాశారు. స్విట్జర్లాండులో 1934 నుంచి ఉన్న విర్, ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో సార్డెక్స్ అనే సంస్థలు దాన్ని చేసి చూపించాయి. కానీ అవి ఒకరితో ఒకరు ఏడాది పొడవునా కొనుగోళ్లు జరుపుకునే వ్యాపార సంస్థల మధ్య నడిచేవి. వారానికోసారి కలిసే యాభై మందికి ఇప్పుడది బరువవుతుంది.

ఇంకొకటి మిగిలింది. ఫోనులో డబ్బు తీసుకుంటే లెక్కలు బయటపడి పన్నులు పడతాయేమో, వచ్చే సాయం పోతుందేమో అని మీ పెద్దవాళ్లలో కొందరికి భయం ఉందని రాశారు. దాన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి. రోజుకు కొంత సంపాదించుకునేవాళ్లకు ఒక్క నోటీసు వచ్చినా నిద్ర పట్టదు. నిబంధనలు తెలిసిన ఒక ఆడిటరును ఒక సాయంత్రం పిలిపించి, ఎంత వరకు ఏమీ ఉండదో, ఎక్కడి నుంచి ఏం చేయాలో వాళ్ల ప్రశ్నలకు వాళ్లకర్థమయ్యే మాటల్లో జవాబు చెప్పించండి. ఆ తర్వాత కూడా వద్దన్నవాళ్లను బలవంతపెట్టకండి, వాళ్ల పేర్లు జాబితాలో "నగదు మాత్రమే" అని రాసి మిగతావన్నీ అందరితో సమానంగా జరిపించండి.

నాలుగు వారాల నోటు పుస్తకం అయ్యాక ఏం మిగిలింది, ఏం చాలలేదు అన్నది ఇక్కడ రాయండి. ఏ పది దుకాణాలతో ముందస్తు ఆర్డర్లు మొదలుపెట్టాలో అది చూస్తే చెప్పగలను.